ఇంజనుకు తలంటు

పండుగనాడు మీకు తలంటు పోస్తారు కదా! ముందు నూనె అంటుతారు. తరువాత కుంకుడు రసంతో రుద్దుతారు. జిడ్డూ, మురికీ రెండూ నురుగుతో పాటు కొట్టుకుపోతాయి. మోటారు కారు ఇంజనుకు కూడా అప్పుడప్పుడు ఇలాంటి తలంటే అవసరమవుతుంది. అయితే తలలన్నిటికీ ఒకే కుంకుడు రసం పనికివస్తుంది గాని, ఇంజన్లన్నిటికీ ఒకే మందు పనికిరాదు. ఒక లోహానికి మందైనది మరో లోహానికి విషమవుతుంది. మరి ఏ ఇంజనుకు ఏ మందో తెలుసుకోవడం ఎలా? మీ దగ్గరున్న చిన్న అయస్కాంతం ఆ సంగతి చెప్పేస్తుంది! ఎలాగో చూద్దాం.

మడ్డి వేరు, తుప్పు వేరు

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, మణికొండకు దగ్గరలో పుప్పాలగూడ ఉంది. ఒకప్పుడు రాళ్లగుట్టల మధ్య ఉన్న పల్లెటూరు. ఇప్పుడు అక్కడ ఆకాశాన్నంటే భవనాలు, వాటి అడుగున నేలమాళిగల్లో బారులు తీరిన కార్లు. ఆ గుట్టల రాయి గ్రానైటు. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు! పునాదుల కోసం ఆ రాతిని తొలిచినప్పుడు లేచే సన్నని ధూళి గాలిలో తేలుతూ వచ్చి అన్నిటి మీదా వాలినట్టే కార్ల ఇంజన్ల మీద కూడా వాలుతుంది.

ఇంజను నడిచేటప్పుడు అతుకుల గుండా చమురు కొద్దికొద్దిగా చెమరుస్తుంది. ఆ చమురు వేడికి చిక్కబడి, దుమ్మునూ మసినీ పట్టుకొని నల్లని జిగురులా తయారవుతుంది. దీనినే మెకానిక్కులు మడ్డి అంటారు. ఇది లోహం మీద పైపైన అంటుకున్న మురికి మాత్రమే. దీని కింద లోహం చెక్కుచెదరకుండా ఉంటుంది. కాని ఈ మడ్డి దుప్పటిలా కప్పేసి ఇంజను వేడిని బయటికి పోనివ్వదు. చమురు ఎక్కడ కారుతున్నదో, పగులు ఎక్కడ ఉన్నదో కనబడనివ్వదు.

తుప్పు సంగతి వేరు. అది బయటినుంచి వచ్చి అంటుకున్నది కాదు. ఇనుమే తుప్పుగా మారిపోతుంది. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ - ఈ మూడూ కలిస్తేనే తుప్పు పుడుతుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా పుట్టదు. తుప్పుగా మారిన ఇనుము మునుపటి కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది ఉబ్బి, పొరలు పొరలుగా రాలిపోతుంది. అప్పుడు కిందనున్న కొత్త ఇనుము గాలికీ నీటికీ చిక్కుతుంది. ఉప్పు తోడైతే ఈ పని మరింత వేగంగా జరుగుతుంది. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే కారు హైదరాబాదు కారు కంటే త్వరగా తుప్పుపట్టడానికి కారణం ఇదే.

కాబట్టి మడ్డిని వదిలిస్తే లోహమంతా మనకు మిగులుతుంది. తుప్పును వదిలిస్తే మాత్రం పోయిన ఇనుము పోయినట్టే. ఇక మీద పోకుండా ఆపడమే మన పని.

అయస్కాంతం పెట్టే పరీక్ష

ఇంజనులో అన్నిటికంటే పెద్ద భాగాన్ని బ్లాకు అంటారు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడే సిలిండర్లు ఇందులోనే ఉంటాయి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారు బ్లాకు పోత ఇనుముతో చేసినది. ఈనాటి చిన్న కార్లు చాలావాటిలో, ఉదాహరణకు మారుతి కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లలో, బ్లాకు అల్యూమినియంతో పోసినది. కారణం తేలికే. ఘన సెంటీమీటరు పోత ఇనుము 7 గ్రాములకు పైగా తూగితే, అంతే పరిమాణం గల అల్యూమినియం 2.7 గ్రాములే తూగుతుంది. బరువు తగ్గితే పెట్రోలు ఆదా అవుతుంది.

అయస్కాంతం పోత ఇనుముకు అతుక్కుంటుంది, అల్యూమినియంకు అతుక్కోదు. పైన రంగు వేసి ఉన్నా ఈ పరీక్ష పనిచేస్తుంది. అయితే బోల్టులు ఉక్కువి, వాటిమీద పెట్టి చూస్తే మోసపోతారు సుమా!

రెండు లోహాలూ ఒకే ఇంజనులో ఉండటం కొత్తేమీ కాదు. హైదరాబాదులోని చౌమహల్లా రాజప్రాసాదానికి వెళితే 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు కనబడుతుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఊరేగింపుల కోసం సింహాసనం వంటి ఆసనంతో దీనిని చేయించాడు. కాని 1911లోనే ఆయన మరణించాడు. ఈ కారు కొద్ది వందల మైళ్లకు మించి తిరగలేదు. ఈ రకం ఇంజనులో ఆరు సిలిండర్లు ఉంటాయి. వాటిని మూడేసి చొప్పున రెండు పోత ఇనుప దిమ్మెలుగా పోసి, కింద అల్యూమినియం పెట్టె మీద కూర్చోబెట్టారు. ఇలాంటి ఇంజనును విడదీయకుండా ఒకే తొట్టిలో ముంచితే ఏమవుతుంది? పైభాగం బాగుపడవచ్చు, కింది భాగం మాత్రం కరిగిపోతుంది! అదెలాగో తెలియాలంటే ఒకసారి వంటింటిలోకి వెళ్లాలి.

వంటింటి రసాయన శాస్త్రం

మన అమ్మమ్మలు జిడ్డు గిన్నెలను కట్టెల బూడిదతో తోమేవారు. రాగి, ఇత్తడి పాత్రలకు చింతపండు పట్టించేవారు. బూడిదలో క్షారం ఉంది, అది జిడ్డును వదిలిస్తుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది, అది లోహం మీది చిలుమును కరిగిస్తుంది. జిడ్డుకు క్షారం, చిలుముకు ఆమ్లం! ఇంజన్లు బాగుచేసే కార్ఖానాల్లో ఉండే తొట్లు కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తాయి.

ముందు మడ్డిని వదిలించాలి. జిడ్డు పొర ఉండగా ఆమ్లం కింది తుప్పును తాకలేదు. మడ్డిని మొదట చెక్క పలకతో గీకి, తరువాత కిరసనాయిలుతో తడిపి కుంచెతో రుద్దుతారు. కిరసనాయిలు, ఇంజను చమురు - రెండూ భూమిలోని ముడి చమురు నుంచి వచ్చినవే. అవి చుట్టాలు కనుక ఒకదానిలో ఒకటి సులభంగా కలిసిపోతాయి. ఆ పైన సబ్బు నీటితో కడుగుతారు. సబ్బు అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండవ కొస నీటిని పట్టుకుంటుంది. కుంకుడు కాయలోని సపోనిన్లు చేసే పనీ ఇదే.

కొందరు తొందరపడి పెట్రోలుతో కడుగుతారు. ఇది చాలా ప్రమాదం. పెట్రోలు ఆవిరి నేలబారున పాకి, దూరాన ఉన్న చిన్న నిప్పురవ్వను కూడా అందుకొని భగ్గుమంటుంది. పైగా అందులో ఉండే బెంజీన్ చర్మం గుండా, శ్వాస గుండా ఒంట్లోకి చేరుతుంది. అది క్యాన్సర్ కారకం. రోడ్డు పక్క షెడ్డులో ఎవరైనా వట్టి చేతులతో పెట్రోలులో భాగాలు కడుగుతూ కనిపిస్తే ఈ మాట వారికి చెప్పండి.

మొండి మడ్డి పట్టిన పోత ఇనుప బ్లాకును కార్ఖానాల్లో వేడి కాస్టిక్ సోడా తొట్టిలో ముంచుతారు. ఇనుమును అది ఏమీ చేయదు. కాని అల్యూమినియం బ్లాకును ముంచితే లోహమే కరిగి, హైడ్రోజన్ వాయువు పొంగి వస్తుంది. 27 గ్రాముల అల్యూమినియం కరిగితే 33 లీటర్లకు పైగా హైడ్రోజన్ పుడుతుంది. నిప్పు తగిలితే అది పేలిపోతుంది! అల్యూమినియం ఆమ్లాలకు కూడా లొంగుతుంది. చింతపండు పులుసును అల్యూమినియం గిన్నెలో నిలవ ఉంచవద్దని పెద్దలు చెప్పేది అందుకే. కనుక ఈ బ్లాకులకు సబ్బు నీరో, అల్యూమినియం కోసమే చేసిన ద్రావణమో వాడాలి.

తుప్పును దించే మూడు దారులు

మొదటి దారి ఆమ్లం. తుప్పు ఆమ్లంలో కరుగుతుంది. కాని తుప్పు అయిపోయాక ఆమ్లం ఊరుకోదు, మంచి ఇనుమును కూడా తినడం మొదలుపెడుతుంది. అందుకే సమయానికి బయటికి తీసి, బాగా కడగాలి.

రెండవది విద్యుత్తు. నీటిలో చాకలి సోడా కలిపి, తుప్పుపట్టిన ఇనుప భాగాన్ని బ్యాటరీ చార్జరు రుణ ధ్రువానికి, ఒక పాత ఇనుప రేకును ధన ధ్రువానికి కలిపి, రెండూ తగలకుండా ముంచుతారు. భాగం మీద హైడ్రోజన్ బుడగలు లేస్తాయి, తుప్పు వదులై రాలిపోతుంది. మంచి ఇనుము మాత్రం అరగదు. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు కట్టరాదు. దానిలోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీటిలోకి దిగుతుంది. ఇది పెద్దలు, అదీ గాలి బాగా ఆడే చోట, చేయవలసిన పని. మీరు చేయకండి.

మూడవ దారి విచిత్రమైనది. తుప్పును తీయకుండా దానినే కవచంగా మార్చేస్తారు! శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీ వస్త్రాల మీది నల్లరంగు చూశారా? తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి పులియబెట్టి, ఆ ద్రావణంతో కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి కరగని నల్లని పదార్థం అవుతుంది. బజారులో దొరికే కొన్ని తుప్పు మందుల్లోనూ టానిన్లే ఉంటాయి. అవి ఎర్రని తుప్పును నల్లని పొరగా మారుస్తాయి. ఇంకొన్నిటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. అది ఇనుప ఫాస్ఫేటు పొరను ఏర్పరుస్తుంది. ఢిల్లీ ఇనుప స్తంభం సుమారు 1,600 ఏళ్లుగా నిలిచి ఉండటానికి ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరస్ కూడా ఒక కారణం.

ఇవి గాక, ఇసుకను గాలితో వేగంగా కొట్టి తుప్పును రాల్చే పద్ధతి కూడా ఉంది. దీనిలో రెండు అపాయాలున్నాయి. ఒక్క ఇసుక రేణువు చమురు దారిలో మిగిలినా బేరింగులు గీసుకుపోతాయి. ఇక ఆ ఇసుక పొడిని పీల్చిన మనిషి ఊపిరితిత్తులకు సిలికోసిస్ అనే నయంకాని జబ్బు వస్తుంది. ఇసుకకు బదులు సన్నని గాజు పూసలు, అక్రోటు పెంకుల పొడి వంటివి వాడవచ్చు. అప్పుడు కూడా ముసుగు తప్పనిసరి.

వరదనీరు చేరితే

2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానకు హైదరాబాదులో ఎన్నో కాలనీలు, నేలమాళిగలు మునిగాయి. వాటితో పాటు కార్లూ మునిగాయి. అటువంటప్పుడు తొందరపడి ఇంజను తిప్పరాదు. గాలిలా నీరు అణగదు. సిలిండరులో నీరు ఉండగా పిస్టన్ పైకి వస్తే లోపలి కడ్డీలు వంగిపోతాయి. నీరు తీయకుండా వదిలేసినా కష్టమే. అద్దంలా నున్నని సిలిండరు గోడల మీద కొద్ది రోజుల్లోనే తుప్పు మొదలవుతుంది. ఆ గోడలను గరుకు కాగితంతో ఇష్టం వచ్చినట్టు రుద్దకూడదు. వెంట్రుకలో సగం మందం అరిగినా పిస్టన్ బిగువు చెడుతుంది.

మీరే చేసి చూడండి

తుప్పుపట్టిన మేకులు రెండు తీసుకోండి. ఒకదానికి వంటనూనె దట్టంగా పూయండి, రెండవదానిని అలాగే ఉంచండి. రెండింటినీ చిక్కని చింతపండు రసంలో వేసి, గాజు గ్లాసులో ఒక రాత్రి ఉంచండి. తెల్లవారి తీసి చూస్తే నూనె లేని మేకు మీద తుప్పు బాగా వదిలి ఉంటుంది. నూనె పూసినది అంతగా మారి ఉండదు. మడ్డిని ముందు తీయాలనేది ఇందుకే!

ఇప్పుడు శుభ్రపడిన మేకును నీటితో కడిగి, తుడవకుండా వదిలేయండి. కొద్ది గంటల్లోనే మళ్లీ గోధుమరంగు పొర కనబడుతుంది. శుభ్రమైన ఇనుము అంటే గాలికీ నీటికీ అడ్డులేని ఇనుము అన్నమాట. అందుకే ఇంజను బ్లాకును కడిగాక వెంటనే ఆరబెట్టి, పైభాగాలకు రంగు, లోపలి నున్నని భాగాలకు చమురు పూస్తారు.

ఇక మిగిలింది కడిగిన నీరు. అందులో కిరసనాయిలు, పాత చమురు, లోహపు పొడి ఉంటాయి. పుప్పాలగూడలో దానిని నాలాలో పారబోస్తే చివరకు చేరేది మూసీ నదికే. నీటి మీద పరుచుకున్న చమురు పొర గాలిని లోపలికి పోనివ్వదు. చేపలకు ప్రాణవాయువు అందదు. మన దేశపు నిబంధనల ప్రకారం వాడిన చమురు ప్రమాదకర వ్యర్థం. దానిని డబ్బాలో పట్టి, శుద్ధిచేసే అనుమతి ఉన్నవారికి అప్పగించాలి.

ఈ ఆదివారం మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న కారు ఇంజను పూర్తిగా చల్లారాక, పెద్దవాళ్లను బానెట్టు ఎత్తమనండి. అయస్కాంతం బ్లాకు గోడకు ఆనించి చూడండి. అతుక్కుంటే దానికి పనికివచ్చే మందు ఏదో, అతుక్కోకపోతే దానికి తగలకూడని మందు ఏదో మీరే వాళ్లకు చెప్పగలరు.