గాజు పెట్టెలో ఖాజాగూడ

మా హాల్లో కిటికీ పక్కన ఒక గుట్ట ఉంది. ఎత్తు అడుగున్నర. పగుళ్లలో నాచు, ఒక వాలు మీదుగా వాన నీళ్లు జారినట్టు నల్లటి చార, అడుగున చెమ్మమట్టిలో నాలుగు ఫెర్న్‌లు. ఇంటికొచ్చినవాళ్లు అద్దానికి ముక్కు ఆనించి చూసి ముందుగా అడిగేది ఒకటే: ‘ఇంత రాయిని నాలుగో అంతస్తుకు ఎలా మోశారు?’ మోసిందేమీ లేదు. లోపల ఉన్నది నురుగు పలక, దాని మీద మూడు పూతల సిమెంటు, ఆ పైన రంగు. ఒంటిచేత్తో ఎత్తొచ్చు.

టెర్రేరియం అంటే చేపల తొట్టెకు వరసకు తమ్ముడు. నీళ్ల బదులు మట్టి, చేపల బదులు మొక్కలు. ఆకులు వదిలిన తేమ అద్దానికి పట్టి, బొట్లుగా జారి, మళ్లీ మట్టిలోకే దిగుతుంది. మూడు వైపుల నుంచి చూస్తే ముచ్చటే. నాలుగో వైపుతోనే తంటా. ఆకుల సందుల్లోంచి స్విచ్ బోర్డూ, దానికి వేలాడే చార్జరూ కనబడుతుంటే అడవి అనే భ్రమ ఎంతసేపు నిలుస్తుంది? అందుకే వెనక అద్దానికి ఒక కొండచరియ కట్టాలనుకున్నాను.

ఈ పిచ్చి నాతో మొదలైంది కాదు. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు ఒక పురుగు గూటిని తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించాడు. పురుగు కోసం చూస్తుంటే మట్టిలోంచి ఒక ఫెర్న్, ఒక గడ్డిమొక్క లేచాయి. బొగ్గుపొగకు తోటలో ఎన్నిసార్లు నాటినా బతకని ఫెర్న్ సీసాలో పచ్చగా ఉంది. 1833లో అలాంటి గాజు పెట్టెల్లో మొక్కలు సర్ది సిడ్నీకి పంపితే, నెలల తరబడి సముద్రం మీద ఉండి కూడా బతికి దిగాయి. తర్వాత చైనా తేయాకు మొక్కలు హిమాలయ తోటలకు చేరింది ఆ పెట్టెల్లోనే. ఇంతవరకూ అందరూ చెప్పేదే. నాకు నచ్చిన ముక్క ఇంకొకటుంది. వార్డ్ ఎనిమిది అడుగుల గాజు గది ఒకటి కట్టించి, అందులో టింటర్న్ అబే అనే పాత మఠం శిథిలానికి చిన్న నమూనా రాతితో నిలబెట్టాడు. పక్కల రాళ్లు పేర్చి ఫెర్న్‌లు నాటాడు. పైన చిల్లుల గొట్టం పెట్టాడు, తిప్పితే వాన. ఆ శిథిలం మొక్కలకు అక్కర్లేదు. అది ఆయన కంటికి కావాలి.

అదే శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పల్హమ్ కుటుంబం దొంగ కొండలు కట్టడమే వృత్తిగా బతికింది. పగిలిన ఇటుకలు, రాళ్లముక్కలు పేర్చి, పైన సిమెంటు మెత్తి, గట్టిపడకముందే పొరలూ పగుళ్లూ దిద్దేవారు. 1860ల్లో లండన్ బాటర్‌సీ పార్కులో వాళ్లు కట్టిన కొండ ఇప్పటికీ ఉంది. మన సినిమా సెట్లలో థర్మాకోల్ చెక్కి గుహలు కట్టేవాళ్ల పనీ ఈ కోవలోదే. బొమ్మల కొలువు ముందు ఇసుక కుప్పపోసి, ఆవాలు చల్లి, మొలకలు రాగానే ‘అదిగో అడివి’ అని చూపించిన మా అమ్మమ్మను కూడా ఈ వంశవృక్షంలో ఒక కొమ్మ మీద కూచోబెడతాను.

నా మొదటి కొండ మూడు రోజులు బతికింది. ఫ్రిజ్‌తో వచ్చిన థర్మాకోల్‌ని కోస్తే సగ్గుబియ్యంలా పూసలు రాలి, ఫ్యాను గాలికి ఇల్లంతా ఎగిరాయి. చెక్కిన అంచు రాయిలా కాదు, మరమరాల ఉండలా తేలింది. పోనీ రంగు కప్పేస్తుందిలే అని స్ప్రే డబ్బా కొట్టాను. అందులోని ద్రావకానికి థర్మాకోల్ కరుగుతుందని అప్పుడే తెలిసింది. కళ్లముందే గుంటలు పడి, సగం కొండ చక్కెర పాకంలా కూలింది.

రెండోసారి, పైకప్పుల్లో వేడి ఆపడానికి వేసే ఎక్స్‌పీఎస్ పలకలు తెచ్చాను. వాటికి పూసలుండవు, కత్తి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. అయినా కొండ రాలేదు. పక్కపక్కన బంగాళాదుంపలు పేర్చినట్టుంది. తప్పు పలకది కాదు. హైదరాబాద్‌లో ఇన్నేళ్లు రాళ్ల మధ్యే తిరిగాను గానీ ఒక్కరాయినీ సరిగా చూడలేదు.

ఒక ఆదివారం పొద్దున ఖాజాగూడ గుట్టల దగ్గరికి వెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. గుండ్రటి రాళ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తి పెట్టినట్టుంటాయి. ఎవరూ ఎత్తిపెట్టలేదు. ఒకప్పుడు అదంతా ఒకే బండ. దానికి నిలువునా అడ్డంగా పగుళ్లు పడ్డాయి. పగుళ్లలోకి నీళ్లు దిగాయి. మూలలకు రెండు మూడు వైపుల నుంచీ నీటి దెబ్బే కనుక అవి ముందు అరిగాయి, చదరపు దిమ్మెలు గుండ్రమయ్యాయి. పైపొరలు ఉల్లిపాయ రేకుల్లా ఊడుతూ వచ్చాయి. జాగ్రత్తగా చూస్తే ఒక రాతి కింద మొదలైన పగులు పక్క రాతి కిందా అదే గీతలో సాగుతుంది. వాన నీళ్లు జారే దారిలో మాత్రం నల్లటి చారలు. అవి మరకలు కావు, తడి చోట బతికే సూక్ష్మజీవుల పొర.

ఇంటికొచ్చి పద్ధతి తిరగేశాను. ముందు పలకలను తిన్నగా దిమ్మెలుగా కోసి, పగుళ్ల గీతలు ఈ చివర నుంచి ఆ చివరకు పోనిచ్చి, ఆ తర్వాతే మూలలు అరగదీశాను. ఒక పెద్ద బండ, రెండు మధ్యరకం, మిగతావి చిల్లర. అన్నీ ఒకే సైజైతే కన్ను వెంటనే పట్టేస్తుంది. పగుళ్లు అంగుళం లోతుకు తవ్వాను, ఎందుకంటే రాయిని రాయిలా చూపేది నీడే. మొక్కల కోసం అక్కడక్కడా గూళ్లు తొలిచాను. ముక్కలను చేపల తొట్టెలకు వాడే సిలికాన్‌తో అతికించాను. బాత్రూములకు వాడే రకాల్లో బూజు మందు కలుపుతారు, అది పెట్టెలోకి రాకూడదు. సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా మొక్క పెట్టొద్దు. ఇంకో మాట. అంతా అయ్యాక కొండ పెట్టె మూతిలో పట్టలేదు. నిలువు పగులు వెంబడే రెండు ముక్కలు చేశాను. ఇప్పుడు ఆ అతుకు ఎక్కడుందో నేను చూపిస్తే తప్ప కనబడదు.

సిమెంటు మొదటి పూత మజ్జిగంత పలచగా ఉండాలి, సందుల్లోకి దిగేందుకు. తర్వాతి రెండూ దోసెపిండంత చిక్కగా. త్వరగా ఆరుతుందని బాల్కనీ ఎండలో పెట్టబోతుంటే, పక్క ఫ్లాట్లో టైల్స్ వేస్తున్న మేస్త్రీ ఆపాడు. ‘ఎండల పెడతరా సార్? ఎండితే పలుగుతది. సిమెంటు నీళ్లు తాగితేనే గట్టిపడతది. తడిబట్ట కప్పుండ్రి, దినాం నీళ్లు కొట్టుండ్రి.’ వారం రోజులు కొట్టాను. ఆ తర్వాత సున్నపు ఘాటు పోవడానికి టబ్బులో నానబెట్టాలి, లేకపోతే నాచు బతకదు. నురుగు కదా, తేలింది. కొండను ముంచడానికి దాని మీద నిజం రాయి పెట్టాల్సొచ్చింది. నీళ్లు మారుస్తూ, చివర్లో కాస్త వెనిగర్ కలుపుతూ ఇంకో వారం.

రంగు గురించి ఎక్కువ చెప్పను, అది చేతికి రావాల్సిందే. ముదురు బూడిద రంగు మొత్తం పూసి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత రంగును ఎత్తుపల్లాల్లో ఎత్తుల మీదే రాయడం. పాత టూత్‌బ్రష్‌తో నలుపు, లేత గులాబీ చుక్కలు చిమ్మితే గ్రానైటు పలుకులు వస్తాయి. ఆఖరున ఒక వాలు మీద నల్లటి చార గీశాను. నా పనితనంలో నాకు బాగా గర్వంగా ఉన్నది ఆ చారే.

నాచు మా అపార్ట్‌మెంట్ కాంపౌండ్ గోడ మీది నుంచి గీరి తెచ్చాను. అడవి నుంచి తేవడం నాకు నచ్చని పని. నాచును మజ్జిగలో రుబ్బి పూస్తే మొలుస్తుందంటారు. నాకు మొలిచింది బూజు. దాన్ని తినడానికి ఆవగింజలో సగం ఉండే స్ప్రింగ్‌టెయిల్ పురుగులను వదిలాను. అంతకుమించి ప్రాణులేవీ లేవు. ‘బల్లినో కప్పనో పెట్టొచ్చుగా’ అంటారు. తిరుమల రాతి పగుళ్లలో తిరిగే బంగారు బల్లి ఈ గుట్టకు అచ్చంగా సరిపోతుంది, నిజమే. కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టడం నేరం. విదేశీ జాతులైతే, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం జాబితాలో ఉన్నవాటికి 2022 సవరణ తర్వాత ప్రభుత్వం దగ్గర నమోదు తప్పనిసరి. నాకు రాళ్లు చాలు.

పెట్టి తొమ్మిది నెలలైంది. మొన్న అద్దం తుడుస్తుంటే కొండ మీద ఇంకో నల్లటి చార కనిపించింది. చిలకరించిన నీళ్లు రోజూ జారే దారి అది, నేను గీసిన చారకు నాలుగు వేళ్ల దూరంలో. నాదాని మీద ఇన్నాళ్లలో ఒక్క బొట్టు కూడా జారినట్టు లేదు.