కట్లపాము కాటుకు నొప్పి ఉండదు

ఆఫ్రికాలో బ్లాక్ మాంబా అనే పాము ఉంది. ఎనిమిది, పది అడుగుల పొడవు. నోరు తెరిస్తే లోపలంతా కారునలుపు. అది కరిచాక వైద్యం అందకపోతే మనిషి బ్రతకడం అరుదు. ఆ పాము మన దేశంలో లేదు. కాని దాని కుటుంబానికే చెందిన కట్లపాము మన ఇళ్ళలోకే వస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వేరుశనగ కుప్పలు, టమాటా తోటలు, గడ్డివాములు ఇళ్ళకు ఆనుకునే ఉంటాయి. ఎలుకలు చేరినచోటికి పాములూ చేరతాయి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షలమంది చనిపోయారని అంచనా.

నాగుపాము, రక్తపింజరి కరిస్తే మంట, వాపు కనిపిస్తాయి. కట్లపాము అలా కాదు. నిగనిగలాడే నల్లని ఒంటిమీద సన్నని తెల్లని కట్లతో ఉండే ఈ పాము, రాత్రివేళ నేలమీద నిద్రపోయేవారిని కరుస్తుంది. దోమ కుట్టినట్లుంటుంది, అంతే. గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి మొదలవుతాయి. రాత్రి తిన్నది అరగలేదనుకుని ఇంట్లోవాళ్ళు సోడా తాగించి పడుకోబెడతారు. ప్రాణం పోయేది ఇక్కడే! తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, చివరకు ఊపిరి ఆగిపోతుంది.

ఈ విషం నరాల కొసలను దెబ్బతీస్తుంది. ఇంజెక్షను రక్తంలో ఉన్న విషాన్ని విరుస్తుందిగాని, అప్పటికే చెడిన నరాలను బాగుచేయలేదు. అందుకే ఆలస్యం పనికిరాదు. ఆలస్యమైనా ఆశ వదలకండి. వెంటిలేటరు మీద కొన్ని రోజులు ఊపిరి నిలబెడితే నరాలు కోలుకుంటాయి, మనిషి లేచి తిరుగుతాడు.

ఏం చేయాలి?

రోగిని నడిపించకండి. కరిచిన కాలునో చేతినో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. తాడు బిగించి కట్టడం, గాటు కోయడం, నోటితో పీల్చడం వద్దు. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని చూస్తూ, పసరుకోసం, మంత్రంకోసం తిరుగుతూ గంటలు పోగొట్టకండి. పామును చంపి తేనక్కరలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే ఇంజెక్షను. పిల్లలకూ పెద్దలంత మోతాదే. ముందు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. వెంటిలేటరు అవసరమైతే కుప్పంలో మెడికల్ కాలేజీ, తిరుపతిలో రుయా ఉన్నాయి.

రాకముందే జాగ్రత్త

మంచంమీద పడుకోండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. రాత్రి బయటికి వెళితే టార్చిలైటు, చెప్పులు మరవకండి. కట్టెలు, కాయల మూటలు పడకగదిలో పెట్టకండి. ముఖ్యంగా, నేలమీద నిద్రించినవారు కడుపునొప్పితో లేస్తే, ముందు వారి కనురెప్పలు చూడండి. రెప్పలు వాలేదాకా మాత్రం ఆగకండి. వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.