ఎవరు చెప్పారట?

రోజూ కాస్త డార్క్ చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతుందని 2015 వసంతంలో జర్మనీ దినపత్రిక ‘బిల్డ్’ మొదటి పేజీలో వేసింది. జర్మన్‌వింగ్స్ విమానం కూలిన రోజులవి. ఆ విషాద వార్త కిందే ఈ తీపి కబురు. చూస్తుండగానే 20కి పైగా దేశాల్లో పత్రికలు, టీవీలు, వెబ్‌సైట్లు దాన్ని అందుకున్నాయి. మన దేశంలోనూ వచ్చింది.

మే నెలాఖరులో గుట్టు రట్టయింది. రట్టు చేసింది ఆ పరిశోధన చేసినాయనే. జాన్ బోహానన్ అనే అమెరికన్ సైన్స్ విలేకరి, ఇద్దరు జర్మన్ డాక్యుమెంటరీ దర్శకులు కలిసి పన్నిన పథకం అది. తిండి గురించిన వార్తలు ఎంత తేలిగ్గా అచ్చవుతాయో చూడాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆయన పనిచేస్తున్నట్టు చెప్పుకున్న ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డైట్ అండ్ హెల్త్’ ఒక వెబ్‌సైట్ మాత్రమే. దానికి భవనం లేదు, ప్రయోగశాల లేదు. వ్యాసాన్ని వేసిన జర్నల్ 600 యూరోలు పుచ్చుకుని రెండు వారాల్లోపే పని ముగించింది.

చిత్రమేమిటంటే, ప్రయోగం మాత్రం నిజంగానే చేశారు. 15 మందిని మూడు జట్లుగా విడదీసి, మూడు వారాల పాటు బరువు, కొలెస్ట్రాల్, నిద్ర అంటూ 18 అంశాలు కొలిచారు. ఇన్ని అంశాలు కొలిస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా ఎక్కడో ఒకచోట కాకతాళీయంగా ‘ఫలితం’ కనబడే అవకాశం దాదాపు 60 శాతం. కొలిచిన మనుషులు మరీ తక్కువైతే ఒకరిద్దరి ఒంటితీరే మొత్తం లెక్కను అటూ ఇటూ చేసేస్తుంది. ఈసారి ఫలితం బరువులో కనబడింది. నిద్రలో కనబడి ఉంటే, చాక్లెట్ తింటే నిద్ర బాగా పడుతుందని చదివేవాళ్లం.

ఈ వార్తను తొమ్మిదో తరగతి పిల్లలకిచ్చి చదవమంటే ఎక్కువమంది ఒకే మాట అంటారు: “నమ్మొద్దు సార్, పేపర్లో వచ్చేవన్నీ అంతే.” ఈ జవాబుకు మురిసిపోయే ఉపాధ్యాయులున్నారు. పిల్లలు ప్రశ్నించడం నేర్చుకున్నారని వాళ్ల సంతోషం. నాకైతే అది చదువు మొదలవకముందే పుస్తకం మూసేయడంలా కనిపిస్తుంది. అన్నిటినీ కొట్టిపారేసేవాడికి, అన్నిటినీ నమ్మేవాడికి మధ్య శ్రమలో తేడా లేదు. ఇద్దరూ వార్త చదవనక్కర్లేదు.

చదివితే అడగాల్సినవి చిన్న ప్రశ్నలే. ఎంతమంది మీద చేశారు? చేసినవాళ్లెవరు? ఆ పనితో సంబంధం లేని నిపుణుడు ఎవరైనా ఏమన్నారు? బోహానన్ తర్వాత రాసినదాని ప్రకారం ఆయనను సంప్రదించిన విలేకరులే కొద్దిమంది. వచ్చిన వార్తల్లో ఎంతమంది మీద ప్రయోగం జరిగిందో చెప్పినవి లేవు. బయటి శాస్త్రవేత్తను అడిగిన జాడ కూడా లేదు. అంటే లోపం పట్టుకోవడానికి గణాంక శాస్త్రం అక్కర్లేదు. ఉండాల్సినది లేదని గమనిస్తే చాలు. వార్తలో ఉన్నదాన్ని తప్పుపట్టడం కంటే లేనిదాన్ని చూడటం కష్టం కాబట్టే దాన్ని నేర్పాలి.

లెక్కల మాస్టారికి కూడా ఇందులో ఒక పీరియడ్ ఉంది. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని హెచ్చరిక వచ్చింది. నిజమే, 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. పత్రికల్లో ‘రెట్టింపు’ నిలిచింది, 7,000 కనబడలేదు. బెదిరిపోయి చాలామంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అదనంగా 13,000 అబార్షన్లు జరిగాయని అంచనా. శాతమో రెట్టో కనబడినప్పుడల్లా ‘ఎంత మీద?’ అని పిల్లలు అడగగలిగితే ఆ పాఠం వచ్చినట్టే.

పేజీని ఎంత శ్రద్ధగా చదివినా పట్టుబడని సంగతులూ ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 45 మందికి కొన్ని వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మదగినదో తేల్చమన్నారు. వాళ్లలో 10 మంది చరిత్రలో డాక్టరేట్లు ఉన్నవాళ్లు, 10 మంది వృత్తిరీత్యా ఫ్యాక్ట్‌చెకర్లు, 25 మంది ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులే. ఒక జతలో రెండూ పిల్లల వైద్యుల సంఘాల పేర్లే. ఒకటి 1930లో పుట్టి 60,000కు పైగా సభ్యులున్న సంఘం. రెండోది అందులోంచి 2002లో చీలిపోయిన గుప్పెడుమందిది. స్వలింగ జంటలు పిల్లల్ని పెంచుకోవడాన్ని వ్యతిరేకించడమే ఆ చీలికకు కారణం. పేజీలు రెండూ శుభ్రంగా, వైద్య పత్రికల్లా ఉన్నాయి. విద్యార్థులు, చాలామంది చరిత్రకారులు ఆ పేజీనే పైనుంచి కిందికి చదివి, లోగో చూసి, అడుగున ఉన్న ఆధారాల జాబితా చూసి పొరబడ్డారు. ఫ్యాక్ట్‌చెకర్లు క్షణాల్లో పేజీ వదిలేశారు. పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. తక్కువ చదివినవాళ్లే నిజం దగ్గరికి త్వరగా వెళ్లారు. ‘పాఠం మొత్తం చదివి జవాబు రాయండి’ అని పదేళ్లు చెప్పిన బడికి ఇది మింగుడుపడే సంగతి కాదు.

తెలుగు పేపరు దగ్గరికి వస్తే ఇంకో పని కూడా ఉంది. మన వార్తల్లో వాక్యం చివర ఆగి చూడాలి. ‘అని తెలుస్తోంది’, ‘అని సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాల కథనం’, ‘ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి’, ‘జోరుగా చర్చ సాగుతోంది’. ఎవరికి తెలుస్తోంది? చర్చ ఎవరి మధ్య? (కొన్నిసార్లు ఆఫీసు ఎదుటి టీకొట్టు దగ్గర ఇద్దరి మధ్య.) జిల్లా ఎడిషన్‌లోంచి ఒక వార్త కత్తిరించి, ప్రతి వాక్యం కిందా ఆ సంగతి ఎవరికి ఎలా తెలిసిందో రాయమనాలి. విలేకరి కళ్లారా చూశాడా, పేరున్న మనిషి చెప్పాడా, ఎఫ్ఐఆర్, జీవో, కోర్టు ఉత్తర్వు లాంటి కాగితం ఉందా, లేక ఎవరో తెలియని ‘వర్గాలా’? పిల్లలు రంగు పెన్సిళ్లతో గీస్తే వార్త ఒంటి మీద గట్టి చోటు, గుల్ల చోటు ఇట్టే కనబడతాయి. పేరు లేనంత మాత్రాన అబద్ధమని కాదు. పై అధికారి లంచాల గురించి చెప్పే గుమాస్తా పేరు దాచక తప్పదు. అయితే అలాంటి చోట ఒక కాగితమో, రెండో సాక్షో తోడుండాలి. హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం ఉంటే మాత్రం, ‘ఆ మంత్రికి ఉద్వాసన?’ అన్నట్టు, జవాబు పేపరు దగ్గర కూడా లేదనుకోవడం మేలు.

ఏ పత్రిక ఏ పార్టీ వైపో తెలుగునాట చెప్పాల్సిన పనిలేదు. ఒకే సభ ఒకదాంట్లో జనసంద్రం, ఇంకోదాంట్లో ఖాళీ కుర్చీలు. ఈ ఎరుక మనకు మేలు చేసిందో కీడు చేసిందో చెప్పలేను. ‘అది వాళ్ల పేపరు’ అనేయడమే విశ్లేషణ అనుకుంటున్నాం. యజమాని ఎవరో తెలిస్తే ఎక్కడ జాగ్రత్తగా చదవాలో తెలుస్తుంది, వార్త నిజమో కాదో తేలదు. ఎదుటి పార్టీ పత్రిక వేసిన కాంట్రాక్టు అంకెలు అక్షరాలా సరైనవి కావచ్చు. రెండు పేపర్లూ పక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్నదేది, ఒక్కదాంట్లోనే ఉన్నదేది, రెండూ వదిలేసిందేది అని మూడు గళ్లు గీయిస్తే పిల్లలకు మంచి పని దొరుకుతుంది. మూడో గడి నింపడం కష్టం. రెండు పేపర్లకూ ప్రకటనలిచ్చే పెద్ద కంపెనీ సంగతి అందులోకే రావచ్చు.

రెండింటిలో ఉంటే నిజమేననుకోవడానికీ లేదు. 2009 మహారాష్ట్ర ఎన్నికల వేళ నాటి ముఖ్యమంత్రి అశోక్ చవాన్‌ను కీర్తించే ఒకే వ్యాసం అక్షరం పొల్లుపోకుండా వేర్వేరు మరాఠీ పత్రికల్లో వార్తగా వచ్చింది. పి. సాయినాథ్ ‘ది హిందూ’లో వాటిని పక్కపక్కన పెట్టి చూపించారు. చవాన్ తన ఎన్నికల ఖర్చులో పత్రికా ప్రకటనల కింద చూపింది 5,379 రూపాయలు. డబ్బిచ్చి వార్తలు వేయించుకున్నారన్న ఆరోపణను ఆయన ఖండించారు. ఎన్నికల సంఘం ఆయనకిచ్చిన నోటీసును 2014లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. పెయిడ్ న్యూస్ మీద మాత్రం ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం వేసింది. సభ్యులు ఇద్దరు. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస రెడ్డి. పత్రికలను పేర్లతో సహా ప్రస్తావించిన ఆ నివేదికను 2010లో కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే 2011లో వెలుగు చూసింది. పత్రికల మీద నివేదికను ప్రెస్ కౌన్సిలే దాచిపెట్టిన ఈ కథ పదో తరగతికి సాంఘిక శాస్త్రం పాఠంగా బాగా పనికొస్తుంది.

ఇదంతా ఒక గంటలో నేర్పగలమా? మన దగ్గర ఏ సమస్యకైనా మందు ‘అవగాహన సదస్సు’. బ్యానర్, ముఖ్య అతిథి, ఫొటో, మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్లు. బిహార్‌లో 2019 ఎన్నికలప్పుడు సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు అలాంటిదాన్నే నిజాయితీగా పరీక్షించారు. 1,200 మందికి పైగా ఓటర్లను తీసుకుని, కొందరి ఇళ్లకు మనుషుల్ని పంపి గంటసేపు తప్పుడు వార్తలను పట్టే పద్ధతులు నేర్పించారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తమ పార్టీకి అనుకూలమైన అబద్ధాల విషయంలో కొందరు ఇంకా మొండికేశారు.

తర్వాత అదే రాష్ట్రంలో ఆమె మరికొందరితో కలిసి ప్రభుత్వ సహకారంతో బడిపిల్లలకు ఈ పాఠాలు మొదలుపెట్టారు. 500కు పైగా ఊళ్లు, 13,000కు పైగా పిల్లలు, గ్రామీణ గ్రంథాలయాల్లో 14 వారాల వ్యవధిలో నాలుగు తరగతులు, ఇంటిపని. రాజకీయం జోలికి వెళ్లకుండా ఎక్కువగా ఆరోగ్యం, వైద్యం గురించిన పుకార్లతో నడిపారు. ఈసారి ఫలితం వచ్చింది, నెలల తర్వాత కూడా నిలిచింది. ఆ పిల్లల తల్లిదండ్రులు సైతం తప్పుడు కబుర్లను కొంత మెరుగ్గా గుర్తించారు. పసరు మందు పుకారుతో సాధన చేసినవాడు రాజకీయ వార్త దగ్గరా కొంత తమాయించుకున్నాడు.

మన ప్రభుత్వ బడుల్లో దీనికి కొత్త పీరియడ్ కూడా వెతకనక్కర్లేదు. చాలాచోట్ల ప్రార్థన అయ్యాక ఒక విద్యార్థి ‘నేటి వార్తలు’ చదువుతాడు. ముఖ్యమంత్రి ప్రారంభించారు, భారత్ గెలిచింది, బంగారం పెరిగింది. ఎండలో నిలబడ్డవాళ్లెవరూ వినరు. వాటిలో ఒక్క వార్త తగ్గించి, మిగిలినవాటిలో ఒకదానికి ‘ఇది ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు’ అన్న వాక్యం ఆ పిల్లవాడి చేతే చేర్పించవచ్చు. ముందురోజు సాయంత్రం పేపరు ఇంటికి ఇచ్చి పంపాలి, అంతే ఖర్చు. తొలి నెల ఆరోగ్యం, వాతావరణం, పరీక్షల వాయిదా కబుర్లు చాలు. రాజకీయాలు జనవరి తర్వాత చూసుకోవచ్చు.