నర్సింగులో చేర్చే ముందు: గుర్తింపు చూడండి, ఆ తరువాతే ఫీజు కట్టండి

మీ వారి మంచం పక్కన రోజుల తరబడి కూర్చున్నప్పుడు మీరు ఎక్కువగా చూసేది నర్సులనే. వేళకు మందు ఇచ్చేది, సెలైన్ మార్చేది, అర్ధరాత్రి పిలిస్తే పలికేది వాళ్లే. అందుకే డిశ్చార్జి రోజున చాలామంది తల్లిదండ్రులు మా సిస్టర్లను ఒక మాట అడుగుతుంటారు: "మా అమ్మాయి ఇంటర్ పాసయింది సిస్టర్. తనని కూడా నర్సింగులో చేర్చాలంటే ఏం చేయాలి?"

ఆలోచన మంచిదే. కాని అది వచ్చే సమయం కష్టమైనది. ఇంట్లో జబ్బు వల్ల చేతిలో ఉన్నది ఖర్చయి, కొంత అప్పు కూడా అయి ఉంటుంది. అలాంటప్పుడు "పరీక్ష అక్కరలేదు, సీటు గ్యారంటీ, అడ్వాన్సు కడితే చాలు" అనే మధ్యవర్తి మాట తీయగా వినిపిస్తుంది. ఆ మాట నమ్మి గుర్తింపు లేని కాలేజీలో చేరితే, చదివిన ఏళ్లూ, కట్టిన డబ్బూ రెండూ పోతాయి. మీకు ఆ నష్టం రాకూడదని ఈ విషయాలు తెలియజేస్తున్నాం.

ఏ కోర్సు ఎన్నేళ్లు?

ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగు నాలుగేళ్లు. బీఎస్సీకి ఇంటర్‌లో బైపీసీ చదివి, కనీసం 45 శాతం మార్కులు తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు సడలింపు ఉంది. జీఎన్‌ఎంకు ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా 40 శాతం మార్కులుంటే అర్హత ఉంటుంది. నర్సింగు అమ్మాయిలకే అనుకోవద్దు. బీఎస్సీ నర్సింగు అబ్బాయిలు కూడా చదువుతున్నారు.

గుర్తింపు అంటే ఏమిటి?

కాలేజీ గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు వేలాడుతున్నా, మీరు చూడవలసినవి మూడే.

1. రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు. చదువు ముగిశాక మీ బిడ్డ పేరు నర్సుగా నమోదయ్యేది ఈ కౌన్సిల్‌లోనే. ఆ నమోదు లేకపోతే ప్రభుత్వ ఉద్యోగానికి గాని, విదేశాలకు గాని దరఖాస్తు చేసుకునే వీలుండదు.

2. భారత నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు. ఇది 1947 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన సంస్థ. దేశమంతటా నర్సింగు చదువు ఒకే ప్రమాణంలో ఉండేలా చూడడం దీని పని. ఈ గుర్తింపు లేని కాలేజీలో చదివితే, వేరే రాష్ట్రంలో పేరు నమోదు చేసుకునేటప్పుడు చిక్కులు వస్తాయి. ఈ కౌన్సిల్ స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను ఏర్పాటు చేయడానికి 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పేరు ఏదైనా, జాతీయ స్థాయి గుర్తింపు ఉందా అన్నదే మీ ప్రశ్న.

3. బీఎస్సీ అయితే విశ్వవిద్యాలయ అనుబంధం. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ డిగ్రీలు ఇస్తాయి. జీఎన్‌ఎం అయితే పరీక్షలు జరిపే బోర్డు ఏదో అడగండి.

కొన్ని కాలేజీలు "మాకు న్యాక్ గ్రేడు ఉంది" అని చెబుతాయి. న్యాక్ 1994లో ఏర్పడింది, బెంగళూరు దాని కేంద్రం. అది కళాశాలల నాణ్యతను పరిశీలించి గ్రేడు ఇస్తుంది. ఉంటే మంచిదే. కాని నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపుకు అది బదులు కాదు. ఐఎస్ఓ సర్టిఫికెట్‌కైతే నర్సు రిజిస్ట్రేషన్‌తో సంబంధమే లేదు.

ఇంకొక సంగతి. గుర్తింపు కాలేజీ మొత్తానికి ఒకేసారి ఇచ్చేది కాదు. ఏ కోర్సుకు, ఎన్ని సీట్లకు అని ఇస్తారు. జీఎన్‌ఎంకు గుర్తింపు ఉన్న చోట బీఎస్సీకి లేకపోవచ్చు. 40 సీట్లకు అనుమతి ఉండి 60 మందిని చేర్చుకుంటే, మిగిలిన 20 మంది గతి ఏమిటో ఆలోచించండి. కాబట్టి కౌన్సిల్ వెబ్‌సైటులో ఈ సంవత్సరపు జాబితా తెరిచి కాలేజీ పేరు, ఊరు, కోర్సు, సీట్ల సంఖ్య నాలుగూ సరిచూడండి. నెట్ సెంటర్‌లో పది నిమిషాల పని.

ఆసుపత్రిని కూడా చూడండి

నర్సింగు పుస్తకంతో మాత్రమే వచ్చే చదువు కాదు, రోగి పక్కన నిలబడి నేర్చుకోవాలి. అందుకే బీఎస్సీ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని నిబంధన. మీరే స్వయంగా వెళ్లండి. పడకలున్నాయా అని కాదు, పడకల మీద రోగులున్నారా అని చూడండి. అక్కడి విద్యార్థినులను పలకరించి, వారానికి ఎన్ని రోజులు వార్డు డ్యూటీ వేస్తున్నారో అడగండి. ఇన్నాళ్లు ఆసుపత్రిలో గడిపిన మీకు తేడా ఇట్టే తెలిసిపోతుంది.

డబ్బు సంగతి

గుర్తింపు గురించి ఇంతగా చెప్పడానికి మరొక కారణం ఉంది. మీకు అందే ఆర్థిక సహాయం కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఫీజు రీయింబర్స్‌మెంటు: ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఈ సహాయం ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి, తెలంగాణలో ఈపాస్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి. ఇది సాధారణంగా కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా కింద వచ్చిన సీటుకే వర్తిస్తుంది. మేనేజ్‌మెంటు కోటాలో చేర్చి "తరువాత స్కాలర్‌షిప్ వస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. వేరే రాష్ట్రంలో చేర్చేవారు, సహాయం అందుతుందో లేదో ముందే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. ప్రభుత్వ సొమ్ము ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. అప్పటి వరకు కాలేజీ ఏం చేస్తుందో కూడా అడిగి తెలుసుకోండి.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్: ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే సహాయంలో కుటుంబ వార్షికాదాయ పరిమితి రెండున్నర లక్షలు. ఎస్సీల నుండి క్రైస్తవంలోకి మారిన కుటుంబాలు మన రాష్ట్రాల్లో బీసీ-సి కిందకు వస్తాయి. సర్టిఫికెట్ ఆ ప్రకారమే తీసుకోండి. కుల, ఆదాయ పత్రాలకు సచివాలయంలో గాని, మీసేవలో గాని ఫలితాలు రాకముందే దరఖాస్తు పెట్టుకుంటే చివరి రోజున పరుగులు ఉండవు.

బ్యాంకు విద్యా రుణం: 4 లక్షల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. తల్లి గాని తండ్రి గాని కలిసి సంతకం చేయాలి. కోర్సు ముగిసిన ఏడాది తరువాత వాయిదాలు మొదలవుతాయి. వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి చదువుకునే కాలానికి వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009లో మొదలైంది. అది ఇప్పుడు మీకు వర్తిస్తుందో లేదో బ్యాంకులో అడగండి. ఆ రాయితీకి కాలేజీకి న్యాక్ గ్రేడు గాని, నర్సింగ్ కౌన్సిల్ ఆమోదం గాని ఉండాలని నియమం పెట్టారు. గుర్తింపు లేని చోట బ్యాంకు తలుపు కూడా తెరుచుకోదన్న మాట. అప్పుడు మిగిలేది వడ్డీ వ్యాపారే.

సంతకం చేసే ముందు

ఫీజు ఎంతో నాలుగేళ్లకూ కలిపి కాగితం మీద రాయించుకోండి. హాస్టల్, యూనిఫారం, పరీక్ష ఫీజు అందులో ఉన్నాయో లేదో చూడండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. చదువు తరువాత కొంతకాలం అక్కడే పనిచేయాలనే బాండు ఉంటే, ఎన్నేళ్లో, జీతం ఎంతో చదివి గాని సంతకం పెట్టవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలని, కాలేజీలు తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లో స్పష్టం చేసింది.

సందేహం ఉంటే వార్డు సిస్టర్‌ను గాని, నర్సింగ్ సూపరింటెండెంట్‌ను గాని అడగండి. కాలేజీ పేరు ఒక చీటీ మీద రాసి తీసుకురండి, జాబితాలో చూసి చెబుతారు. అయితే అడ్వాన్సు కట్టిన తరువాత కాదు, కట్టక ముందే రండి.