ర్యాపిడ్ విజేతకు ర్యాపిడ్‌లోనే పరాజయం

కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ హోదా సాధించేనాటికి దివ్య దేశ్‌ముఖ్ ఇంకా పుట్టనే లేదు. ఇరవై మూడేళ్ళ అనంతరం, 2025 జూలైలో, జార్జియాలోని బతూమి నగరంలో జరిగిన మహిళల ప్రపంచ కప్ చదరంగం ఫైనల్లో వీరిద్దరూ ముఖాముఖి తలపడ్డారు. ఈ పోటీలో ఫైనల్‌కు చేరిన ఇద్దరూ భారతీయులే కావడం అదే ప్రథమం.

విజయవాడకు చెందిన హంపికి అప్పుడు 38 ఏళ్ళు; నాగపూర్ యువతి దివ్యకు 19. అంతకు ముందు ఏడాది గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ గెలుచుకున్న దివ్య, బతూమి క్వార్టర్ ఫైనల్లో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారికను, సెమీఫైనల్లో మాజీ ప్రపంచ ఛాంపియన్, చైనా క్రీడాకారిణి టాన్ జోంగ్‌యీని ఓడించారు. హంపి మరో చైనా క్రీడాకారిణి లీ టింగ్జీని టైబ్రేక్‌లో అధిగమించి ఫైనల్ చేరారు.

జూలై 26, 27 తేదీలలో జరిగిన రెండు క్లాసికల్ గేములూ డ్రాగా ముగియడంతో 28న ర్యాపిడ్ టైబ్రేక్ అనివార్యమైంది. క్లాసికల్ పద్ధతిలో తొలి నలభై ఎత్తులకు గంటన్నర వ్యవధి ఉంటుంది. ర్యాపిడ్‌లో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్ల అదనపు వ్యవధి మాత్రమే ఉంటాయి. 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్‌గా నిలిచిన హంపికే ఈ దశలో మొగ్గు ఉన్నదని భావించడం సహజం.

తొలి ర్యాపిడ్ గేము కూడా డ్రా అయింది. రెండవ గేములో హంపి తెల్లపావులతో ఆడారు. సుదీర్ఘంగా సాగిన ఆ ఆటలో వ్యవధి కరిగిపోతున్న కొద్దీ ఇద్దరూ తడబడ్డారు. గెలుపు అవకాశాన్ని దివ్య ఒకసారి చేజార్చుకున్నారు; కాని నిర్ణాయకమైన చివరి పొరపాటు హంపిది. దివ్య 2.5-1.5 తేడాతో విజేత అయ్యారు. ఆట ముగిసిన వెంటనే ఆమె ఆనందబాష్పాలతో తల్లిని హత్తుకున్నారు.

విజేతకు 50 వేల డాలర్లు, హంపికి 35 వేల డాలర్లు బహుమతిగా లభించాయి. ఇద్దరూ క్యాండిడేట్స్ పోటీకి అర్హత పొందారు. దివ్యకు అంతకు మించిన ఫలితం మరొకటి దక్కింది. గ్రాండ్‌మాస్టర్ హోదాకు సాధారణంగా మూడు నార్ములు అవసరం. ఒక్క నార్మ్ కూడా లేకుండా బతూమికి వెళ్ళిన ఆమె, కప్ విజేతకు ఉన్న నిబంధన మేరకు నేరుగా ఆ హోదా పొంది, భారత్ నుంచి 88వ గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. మహిళలలో నాల్గవవారు. ఆ వరుసలో మొదటి పేరు హంపిదే.