పిల్లల కోపము - దాని పేర్లు

టోలిచౌకి చౌరస్తానుండి షేక్‌పేట మీదుగా ఫిలింనగరు మిట్ట యెక్కువారికి చలనచిత్రముల గోడపత్రికలు కనుపించును. చాలవానిలో కథానాయకుడు కన్నులెర్రజేసి, కత్తియో గొడ్డలియో పట్టి నిలిచియుండును. ఆ దారినే బడిపిల్లలు వీపున సంచులతో నడచుచుందురు. ఈ బొమ్మలు చూచియే పిల్లలు చెడిపోవుచున్నారని పెద్దలు తరచుగా నందురు. ఆ మాటలో సత్యము కొంత గలదు. కాని కోపము వచ్చినపుడు ఏమి చేయవలెనో ఆ బొమ్మ పిల్లవానికి చెప్పుచుండగా, ఇంటిలో మనమేమి చెప్పుచున్నామన్నది మా ప్రశ్న.

కొట్టుట పిల్లలు ఎవరినో చూచి నేర్చుకొను దుర్గుణమని సాధారణముగా భావింతుము. కెనడా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ట్రెంబ్లే పిల్లలను పసితనమునుండి ఏండ్ల తరబడి పరిశీలించి, వేరొక సంగతి చెప్పెను. కొట్టుట, కొరుకుట, తన్నుట మనుష్యునిలో మిక్కిలిగా నుండునది రెండు నాలుగేండ్ల నడుమ. ఆ పిమ్మట ఎక్కువమందిలో అది క్రమముగా తగ్గిపోవును. అనగా కొట్టుట నేర్పనక్కర లేదు. కొట్టకుండుటయే నేర్వవలసిన విద్య. ఆ విద్యకు మొదటి సాధనము మాట.

ఎట్టి మాట? ఈ విషయమున తెలుగునకు కొరత లేదు. అలక, కినుక, చిరాకు, రోషము, ఉక్రోషము, కసి - ఇవి యన్నియు కోపమునకు మారుపేర్లని నిఘంటువు చూచినవా రనుకొనవచ్చును గాని, పిల్లలను పెంచినవా రనుకొనరు. అలక అయినవారిమీదనే వచ్చును. బ్రతిమాలించుకొనుట దాని స్వభావము. పెండ్లిలో అల్లునికి అలకపాన్పు వేసి, ఏమి కావలెనని యడుగుట మనవారి వేడుక. అన్నము మాని గోడవైపు తిరిగి కూర్చున్న ఐదేండ్ల పిల్లయు అట్లు ఎవరైన అడుగుదురని యెదురుచూచుచుండును. రోషము పరువునకు దెబ్బ తగిలినపుడు పుట్టునది. పదిమంది యెదుట వెక్కిరింపునకు గురియైన బాలుడు ఇంటికి వచ్చి చెల్లెలిని కొట్టినచో, వానిని బాధించునది రోషమే గాని చెల్లెలిపై ద్వేషము కాదు. ఉక్రోషము ఏమియు చేయలేనివాని కోపము. కన్నీటితో గలసి వచ్చును. కసి యన్నిటికంటె ప్రమాదకరము, ఏలయన అది నిలువయుండి పెరుగును, పైకి కనపడదు. ఈ నాలుగింటికిని చెంపదెబ్బయే మందుగా వాడునెడల అలక మంకుతనముగను, రోషము కసిగను మారుటకే అవకాశము మెండు.

తన మనస్సులో పుట్టినదానిని గుర్తించి, ఎదుటివాని మనస్సునుగూడ గ్రహించి నడచుకొను నేర్పును పీటర్ సాలవే, జాన్ మేయర్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు 1990లో ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ అను పేర ఒక సిద్ధాంతముగా వివరించిరి. 1995లో డేనియల్ గోల్‌మన్ వ్రాసిన గ్రంథముతో ఆ పేరు లోకమంతట వ్యాపించినది. తెలుగున భావోద్వేగ ప్రజ్ఞ యనుచున్నారు. పేరు కొంత బరువైనదే. మాథ్యూ లీబర్‌మన్ బృందము 2007లో ప్రకటించిన ప్రయోగములో, కోపముతోను భయముతోను ఉన్న ముఖముల చిత్రములను చూచుచు ఆ భావమునకు పేరు చెప్పినవారి మెదడులో, అమిగ్డలా యను భాగపు కలవరము తగ్గినట్లు కనుపించినది. ప్రయోగమున పాల్గొన్నవారు పెద్దలే. అయినను పిల్లలతో దినదినము మెలగువారికి ఇది వింతగా తోచదు. తరచుగా పోట్లాడు పిల్లలను పరిశీలించిన కెన్నెత్ డాడ్జ్ మరియొక చిక్కు చూపెను: పొరపాటున తగిలిన భుజమును వారు కావలెననియే తగిలించినట్లు భావింతురు. వారికి తమ కోపము పేరేగాక, ఎదుటివాని ముఖము చదువుటయు నేర్పవలసియుండును.

ఇక సినిమా సంగతి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో ఆల్బర్ట్ బండూరా 1961లో చేసిన ప్రయోగములో, పెద్దవారు గాలిబొమ్మను సుత్తితో కొట్టగా చూచిన పసిపిల్లలు తామును అట్లే కొట్టిరి. 1963లో అదే దృశ్యమును చలనచిత్రముగా చూపినను ఫలితము మారలేదు. 1965 నాటి ప్రయోగము మరింత ముఖ్యమని మా యభిప్రాయము. కొట్టినవాడు శిక్షింపబడుట చూచిన పిల్లలు తక్కువగా అనుకరించిరి. కాని చూచినది చేసి చూపినచో బహుమానమిత్తుమనగానే వారును తక్కినవారితో సమానముగా చేసి చూపిరి. నేర్చుకొనుట అందరును నేర్చుకొనిరన్నమాట. కావున చివర దుష్టునికి శిక్ష పడినది గదా యని నిర్మాతలు చెప్పు సమాధానము చాలదు. తెరమీది కోపము ఎట్లు తయారగునో ఫిలింనగరు స్టూడియోలలో పనిచేయువారికి తెలియును. ఫైట్‌మాస్టరు అడుగులు లెక్కపెట్టి నేర్పును. పిడికిలి దవడను తాకదు. దెబ్బ చప్పుడు తరువాత చేర్తురు. దర్శకుడు ‘కట్’ అనగానే కొట్టినవాడును కొట్టబడినవాడును కలిసి టీ త్రాగుదురు. ఈ సంగతి పిల్లలకు చెప్పదగినది. 2024నుండి సెన్సారువారు యు.ఏ. ధ్రువపత్రమును 7, 13, 16 ఏండ్ల వయస్సునుబట్టి మూడు తరగతులుగా చేసిరి. పెద్దలు ప్రక్కన నుండి వివరింపవలెనని దాని భావము. టిక్కెట్టు కొనియిచ్చి పంపుమని కాదు.

కౌమారమున చిక్కు వేరు. ఉద్వేగమును రేపు మెదడు భాగములు ముందుగా చురుకెక్కును. పగ్గము పట్టు ముందుభాగము ఇరువదియేండ్లు దాటిన తరువాతగాని పూర్తిగా పరిపక్వము కాదు. గార్డనర్, స్టీన్‌బర్గ్ 2005లో కారు నడుపు ఆట నొకదానిని ఆడించి చూడగా, పదుమూడు మొదలు పదునారేండ్ల వరకు గలవారు ఒంటరిగా నున్నపుడుకంటె స్నేహితులు చూచుచున్నపుడు ఎక్కువ తెగువ జూపిరి. ఉర్దూలో టోలి యనగా గుంపు, చౌకి యనగా కాపలాస్థానము. గుంపులో నున్న బాలుని అక్కడనే మందలించుట నిష్ప్రయోజనము, పరువుకొరకు ఎదురుతిరుగును. రాత్రి భోజనమైన పిమ్మట, ఇద్దరే యున్నపుడు అడుగవలెను. ఈ ప్రాంతమున ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడు పిల్లలు పెక్కురు. కోపము సంగతి వారికి ఏ భాషలో సులువుగా నోట వచ్చునో ఆ భాషలోనే చెప్పనీయవలెను.

రేడియో వినువారికి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను పరిచయము చేయనక్కర లేదు. ‘బాలానందము’లో రేడియో అన్నయ్య, అక్కయ్య పిల్లలచేతనే పాడించిరి, మాట్లాడించిరి, నాటకము లాడించిరి. కోపిష్ఠి రాజు వేషము వేసిన పిల్లవానికి, కోపము తెచ్చుకొనుట యెట్లో, దించుకొనుట యెట్లో రెండును తెలియును. నేటి బడులలో ఇందుకు వేళ లేదందురు. జోసెఫ్ డర్లాక్ మొదలగువారు 2011లో 213 పాఠశాలా కార్యక్రమముల ఫలితములను క్రోడీకరించి చూడగా, భావములగూర్చిన శిక్షణ పొందిన పిల్లల నడవడియేగాక చదువును మెరుగుపడినట్లు తేలినది.

బడిలో కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము నిషేధించినది. ఇంటికి అట్టి చట్టము చేరలేదు గాని, కొట్టవద్దని కొట్టుచు చెప్పినచో పిల్లవానికి మిగులునది మాట కాదు, దెబ్బ. కోపము నెలల తరబడి నిలిచి, జంతువులను హింసించుట, ఆయుధము దాచుట, తన్ను తాను గాయపరచుకొనుట కనుపించినచో వైద్యుని సలహా తీసికొనవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ‘టెలి మానస్’కు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. చేయుటకు ముందు పిల్లవానితో ఆ సంగతి చెప్పుట మంచిది. చాటుగా చేసినట్లు తెలిసినచో అదియు రోషమునకు కారణమగును.