మూసిన పెట్టెలో బొమ్మ, 72 పెట్టెల లెక్క

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో వీరులకూ రాక్షసులకూ గుర్తుగా బల్ల మీద నిలబెట్టే చిన్న బొమ్మలే మినియేచర్లు. చాలాకాలం వీటిని లోహంతో పోతపోసేవారు. రంగులు కొన్నవాళ్లే వేసుకునేవారు. 2000లో విజ్‌కిడ్స్ సంస్థ మేజ్ నైట్ అనే ఆటతో పాటు రంగులు వేసిన ప్లాస్టిక్ బొమ్మలను, లోపల ఏవున్నాయో కనబడని పెట్టెల్లో అమ్మింది. 2003లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ బొమ్మలను అదే పద్ధతిలో తెచ్చింది. తొలి సెట్ హార్బింజర్‌లో 80 రకాలు. బూస్టర్ అనే ఒక్కో పెట్టెలో 8 బొమ్మలు, వాటిలో అరుదైనది ఒకటే.

ఇలా అమ్మడానికి కారణముంది. ప్లాస్టిక్ బొమ్మకు అచ్చు చేయించడం ఖరీదైన పని. బొమ్మలు ఎన్ని ఎక్కువ తీస్తే ఒక్కోదాని మీద ఆ ఖర్చు అంత తక్కువ పడుతుంది. విడివిడిగా పెడితే కొన్ని రకాలే చెల్లి, మిగతావి దుకాణంలో పడి ఉంటాయి. కలిపి మూసేస్తే అన్నీ అమ్ముడవుతాయి.

కొనేవారి లెక్క వేరు. ఒక సెట్‌లో 20 అరుదైన రకాలున్నాయని, పెట్టెకు ఒకటి చొప్పున ఏదైనా సమాన అవకాశంతో వస్తుందని అనుకుందాం. వాటిలో పది రకాలు చేరడానికి సగటున 13 పెట్టెలు చాలు. ఇరవై రకాలూ చేరాలంటే మాత్రం సగటున 72 పెట్టెలు కావాలి. చేతిలో ఉన్నవి పెరిగేకొద్దీ కొత్తది వచ్చే అవకాశం తగ్గడమే ఇందుకు కారణం. చివరి ఒక్కదాని కోసమే సగటున 20 పెట్టెలు తెరవాల్సి వస్తుంది! సంభావ్యతా శాస్త్రంలో దీన్ని కూపన్ల సేకరణ సమస్య అంటారు. 72 పెట్టెలంటే 576 బొమ్మలు. అన్నిటినీ దాచడానికి ఇంట్లో చోటు కూడా చూసుకోవాలి.

ఫలానా బొమ్మ ఒక్కటే కావాలన్నా అంతే. 14 పెట్టెలు తెరిస్తే అది దొరికే అవకాశం సగం. 20 తెరిచినా నూటికి 36 మందికి దొరకదు. ఇదంతా సమాన అవకాశం ఉందనుకున్న లెక్క మాత్రమే; కంపెనీ పెట్టెలను ఒక క్రమంలో సర్దితే, ఒకే కేసులోని (అనేక పెట్టెలు సర్దిన పెద్ద అట్టపెట్టెలోని) పెట్టెల్లో అరుదైనవి తక్కువగా పునరావృతం కావచ్చు.

అయినా మూసిన పెట్టె పూర్తిగా దండగ కాదు. ఆట నడిపించేవారికి గాబ్లిన్లు, అస్థిపంజరాలు ఒకటి రెండు చాలవు, గుంపుగా కావాలి. సేకరించేవారికి బరువయ్యే నకళ్లే వీరికి సైన్యం. అందుకే కొత్తగా ఆట మొదలుపెట్టే బృందానికి నాలుగైదు పెట్టెలు మంచి కొనుగోలే. నలుగురూ కలిసి తెరిచి మార్చుకుంటే ఇంకా మేలు, ఒకరి నకలు మరొకరి లోటు తీరుస్తుంది. ఆ తర్వాత సెట్ పూర్తిచేయాలన్న పట్టుదలతో పెట్టెలు కొనడం మాత్రం తప్పు లెక్క. కావలసినదాన్ని విడిగా అమ్మేవారి దగ్గర ధర అడగాలి. ఆ ధర రెండు మూడు పెట్టెల ఖరీదుకు సమానమైనా, అది 20 పెట్టెల అన్వేషణ కన్నా చాలా చవక.